తూముకు కట్టిన వల

మండవల్లి చుట్టుపక్కల చేపల చెరువుకు నీరు పెట్టేటప్పుడు తూము మూతికి సన్నకన్ను వల కట్టడం అలవాటైన పని. కాలువ నీటితో పాటు కొర్రమీను పిల్లలో జెల్లలో లోపలికి వస్తే, చెరువులో వదిలిన బొచ్చె, శీలావతి పిల్లల్ని తిని అవి బలుస్తాయి. నీరు రావాలి, అవి రాకూడదు. నీరు తీసే తూముకూ వల ఉంటుంది, పెంచిన చేప కాలువ పాలు కాకుండా. గట్టు చెరువును కాపాడుతుందని అందరూ అంటారు గానీ, చెరువు కాసేవాడి కళ్ళు గట్టు మీద కంటే తూము మీదే ఎక్కువ ఉంటాయి. గండి పడడం ఎప్పుడో వరద ఏడు జరిగే సంగతి. తూము మాత్రం మనమే పెట్టుకున్న కన్నం, రోజూ ఉంటుంది. ఇంటి ఇంటర్నెట్ రౌటర్ విషయంలో ఈ లెక్క తారుమారైంది. అందరూ గట్టు గురించి బెంగపడతారు, తూములు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు. ఈ అధ్యాయంలో చెప్పదలచింది ఇదే: రౌటర్‌కు గట్టు ముందే పోసి ఉంది. దాన్ని ఇంకా ఎత్తు చేయడం మీద పెట్టే శ్రద్ధలో సగం, మన చేతులతో తెరిచిన తూముల మీద పెడితే ఇల్లు ఎక్కువ భద్రంగా ఉంటుంది.

పోర్టు అనగానే రౌటర్ వెనక వైరు గుచ్చే కన్నం గుర్తొస్తుంది. ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు. ఇంటర్నెట్‌లో ప్రయాణించే దాదాపు ప్రతి ప్యాకెట్ తలకట్టులో పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామాతో పాటు రెండు పోర్టు నంబర్లు ఉంటాయి. చిరునామా ఏ యంత్రానికో చెబుతుంది, పోర్టు నంబరు ఆ యంత్రంలో ఏ పనికో చెబుతుంది. ఆ నంబరుకు కేటాయించిన చోటు 16 బిట్లు, అందుకే అది 0 నుంచి 65,535 దాకా ఏదైనా కావచ్చు. వెబ్ పేజీలకు 80, 443. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌కు 53. ఇప్పుడు ఎవరూ వాడకూడని, అయినా ఇంకా వాడుతున్న టెల్నెట్‌కు 23. కెమెరా వీడియో ప్రవాహానికి 554. ఇవన్నీ వాడుకలో కుదిరిన ఒప్పందాలు. ఒక పోర్టు ‘తెరిచి ఉంది’ అంటే ఆ నంబరు మీద వచ్చే పిలుపుకు పలకడానికి లోపల ఒక ప్రోగ్రాం కూర్చుని ఉందని అర్థం. పలికేవాళ్ళు లేకపోతే ఆ నంబరుకు తలుపే లేదు.

తూము వలకు, రౌటర్‌కు ఒక పెద్ద తేడా ఉంది. వలకు జ్ఞాపకం ఉండదు. కన్ను కంటే సన్నదైతే పోనిస్తుంది, లావైతే ఆపుతుంది. రౌటర్‌కు జ్ఞాపకం ఉంటుంది. ఇంట్లో ఫోన్ ఒక వెబ్ పేజీ అడిగితే, రౌటర్ తన పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది: లోపలి చిరునామా ఇది, పోర్టు ఇది, బయట ఎవరిని అడిగారో వారి చిరునామా ఇది, వారి పోర్టు ఇది. జవాబు వచ్చినప్పుడు ఆ వరుసతో పోల్చి, సరిపోతే లోపలికి పంపుతుంది. ఎవరూ అడగని ప్యాకెట్ వస్తే పట్టికలో దానికి వరుస ఉండదు, అక్కడే పడిపోతుంది. వరుసలు కూడా శాశ్వతం కావు. యూడీపీ పద్ధతిలో సాగే సంభాషణ మధ్యలో నిశ్శబ్దమైతే, ఆ వరుసను కనీసం 2 నిమిషాలు ఉంచాలని 2007 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతోంది. ఆ తర్వాత చెరిపేయవచ్చు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులో ఆటు వేళ నీరు దిగుతుంది, పోటు వేళ ఉప్పునీరు ఎగదన్నుతుంది. అక్కడ రెగ్యులేటర్ కావాలని రైతులు ఏళ్ళ తరబడి అడిగింది ఇలాంటి ఏర్పాటు కోసమే: పోయే నీటిని పోనివ్వాలి, పిలవకుండా వచ్చేదాన్ని ఆపాలి.

ఈ రక్షణను ఎవరూ రక్షణగా తయారుచేయలేదన్నది ఈ కథలో వింత. ఐపీవీ4 అనే మొదటి పద్ధతిలో ఇంటర్నెట్ చిరునామాలకు పెట్టిన చోటు 32 బిట్లు, అంటే దాదాపు 429 కోట్లు. అవి చాలవని 1990ల మొదట్లోనే తేలిపోయింది. ఒకే బయటి చిరునామాను లోపల ఎన్నో యంత్రాలు పంచుకునే ఉపాయాన్ని కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ 1994 మేలో తాత్కాలిక చిట్కాగా ప్రతిపాదించారు. దాని పేరే న్యాట్. లోపల వాడుకోవడానికి ప్రత్యేకంగా కేటాయించిన కొన్ని చిరునామాలను 1996 ఫిబ్రవరి నాటి ప్రమాణ పత్రం ఖాయం చేసింది. మీ రౌటర్ కింద అంటించిన కాగితం మీద కనిపించే 192.168.1.1 ఆ కుదురులోదే. తాత్కాలికమన్నది శాశ్వతమైంది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఖజానాలోని చివరి చిరునామాల కట్టలు కూడా పంచేశారు. కరువు కోసం కట్టిన అడ్డుకట్ట వరదకూ అడ్డుపడింది: జవాబుల పట్టిక లేనిదే న్యాట్ నడవదు, పట్టిక ఉంటే పిలవని ప్యాకెట్‌కు దారి దొరకదు. చాలా ఇళ్ళు ఇన్నేళ్ళూ భద్రంగా ఉండడానికి కారణం ఈ ఉప ఫలితమే.

ఇక తూముల సంగతి. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగలతో, ఊళ్ళలోని కేబుల్ ఆపరేటర్ల ద్వారా, నెలకు 149 రూపాయల నుంచి మొదలయ్యే పథకాలతో ఫైబర్ పల్లెలకు వచ్చింది. ప్రైవేటు సంస్థలూ వచ్చాయి. చెరువుల ప్రాంతంలో ఇంటర్నెట్ రాగానే దాని వెంట వచ్చే అవసరం గట్టు మీది కెమెరా. రాత్రి దొంగలు పడకుండా, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడడానికి, మేత బస్తాల షెడ్డు మీద ఒక కన్ను ఉంచడానికి అది పనికొస్తుంది. కైకలూరులోనో ఏలూరులోనో ఉండే యజమాని ఫోన్‌లో ఆ బొమ్మ చూడాలి. బయటి నుంచి వచ్చే ఆ పిలుపుకు రౌటర్ పట్టికలో వరుస లేదు కనుక దారి దొరకదు. అప్పుడు కెమెరాలు బిగించేవారు రౌటర్‌లోకి వెళ్ళి ‘వర్చువల్ సర్వర్’ లేదా ‘పోర్ట్ ఫార్వార్డింగ్’ అనే చోట ఒక గీత రాస్తారు: బయటి నుంచి ఫలానా పోర్టుకు ఎవరు వచ్చినా, లోపల ఫలానా చిరునామాలో ఉన్న రికార్డర్‌కు పంపు. ‘ఎవరు వచ్చినా’ అన్నది గమనించాలి. యజమాని ఫోన్ వస్తే మాత్రమే తెరువు అని ఆ గీత చెప్పదు. అది వల లేని తూము.

ఇంకా రెండు తూములు ఉన్నాయి. ఒకటి యూపీఎన్‌పీ. ఇంట్లోని యంత్రాలు యజమానిని అడగకుండా తమకు కావలసిన పోర్టు తామే తెరిపించుకునే సౌకర్యం అది. ఆటల కన్సోల్ వంటివాటికి అక్కరకొచ్చే ఈ మర్యాద, లోపల చేరిన దొంగ ప్రోగ్రాంకు కూడా అంతే మర్యాదగా తలుపు తీస్తుంది. అసలు ఇంటి లోపలికే పరిమితం కావలసిన ఈ సౌకర్యం బయటి పిలుపులకు కూడా పలుకుతోందని 2013 జనవరిలో ర్యాపిడ్7 పరిశోధకులు చూపించారు. వారికి జవాబిచ్చిన చిరునామాలు 8 కోట్లకు పైనే. రెండోది డీఎంజెడ్ అన్న మీట. ఏ పోర్టు తెరవాలో తెలియనప్పుడు దాన్ని నొక్కేస్తారు. పట్టికలో వరుస లేని ప్రతి ప్యాకెట్‌నూ, అన్ని పోర్టుల మీదా, ఒకే యంత్రం నెత్తిన కుమ్మరించమని దాని అర్థం. తూముకు ఎక్కడ కన్నం పెట్టాలో తెలియక గట్టే తెంచేయడం లాంటిది. పెద్ద సంస్థల్లో ఇదే పేరుతో జాగ్రత్తగా కట్టే వేరే నిర్మాణం ఒకటుంది. ఇంటి రౌటర్లలో ఆ పేరు తప్ప ఆ జాగ్రత్త రాలేదు.

ఇక్కడ సహజంగా వచ్చే మొదటి అభ్యంతరం: మండవల్లిలో ఒక చెరువు కెమెరాతో ఎవరికి పని? బ్యాంకు కాదు, ప్రభుత్వ కార్యాలయం కాదు. ఈ ప్రశ్న దొంగ మనిషి అని, ఇల్లు చూసి వస్తాడని అనుకుంటుంది. మిరాయ్ అలా రాలేదు. 2016లో బయటపడిన ఆ పురుగు టెల్నెట్ పోర్టులైన 23, 2323 మీద చిరునామాలను గుడ్డిగా తడుతూ పోయేది. తలుపు తీస్తే దాదాపు 60 ఫ్యాక్టరీ పేరు–పాస్‌వర్డ్ జతలు ప్రయత్నించేది. అంత సులువైన విద్యతోనే ఒక దశలో 6 లక్షల యంత్రాలను తన మందలో కలుపుకుంది. వాటిలో ఎక్కువ భాగం కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు. 2016 అక్టోబర్ 21న ఆ మంద డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. రాసింది గూఢచారులు కాదు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీదారులను పడగొట్టడానికి అమెరికా కుర్రాళ్ళు మొదలుపెట్టిన పని అది. 2017 డిసెంబర్‌లో ముగ్గురు నేరం ఒప్పుకున్నట్టు వెల్లడైంది. ఆ కెమెరాల్లో ఏ బొమ్మ కనిపిస్తోందో వారికి అక్కర్లేదు. వారికి కావలసింది కెమెరాలోని చిన్న కంప్యూటర్, దాని వెనకున్న ఇంటర్నెట్ తీగ. అందుకని ‘మా దగ్గర ఏముంది’ అన్నది జవాబు కాలేదు. తీగ ఉంది కదా.

అది అమెరికా గొడవ అనుకునేలోపే మన వంతు వచ్చింది. 2017 జులై చివర్లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేలకొద్దీ మూగబోయాయి. ‘అడ్మిన్’ అన్న ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంచుకున్న మోడెమ్‌లలోకి ఒక మాల్‌వేర్ దిగిందని, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోవాలని సంస్థ వినియోగదారులను కోరింది. అక్కడ పోయింది రహస్యాలు కాదు, మోడెమ్ పనిచేయడమే ఆగింది. చిరునామాను వెతికి పట్టడం ఎంత తేలికో కూడా అప్పటికే తేలింది. మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 2013లో విడుదల చేసిన జెడ్‌మ్యాప్ అనే సాధనం, మంచి తీగ ఉన్న ఒకే ఒక కంప్యూటర్ నుంచి, ఒక పోర్టు నంబరు మీద ఐపీవీ4 చిరునామాలన్నిటినీ 45 నిమిషాల్లోపు తట్టగలదు.  అంత త్వరగా తట్టి చూడగల ప్రపంచంలో మారుమూల అన్న మాటకు అర్థం పోయింది.

దీనికే అనుబంధంగా, పోర్టు నంబరు మార్చేస్తే సరిపోతుందనే వాదన ఉంది. అందరికీ తెలిసిన 554కు బదులు ఏ 45 వేలలోనో పెడితే ఎవరు వెతుకుతారని. నిజమే, గుడ్డిగా ఒకే నంబరు తట్టుకుంటూ పోయే పురుగుల గోల తగ్గుతుంది. కానీ 65 వేల తలుపులను తట్టి చూడడం ఒక చిరునామాకు నిమిషాల పని. పైగా షోడాన్ వంటి వెతుకుడు యంత్రాలు 2009 నుంచి ఇదే పని చేసి, ఏ తలుపు వెనక ఏ రకం కెమెరా పలికిందో జాబితా వేసి పెడుతున్నాయి. తూమును పొదలో దాచడం వల కట్టడంతో సమానం కాదు.

రెండో అభ్యంతరం బరువైనది. ఇప్పుడు చాలా కనెక్షన్లలో ఇంటికి సొంత బయటి చిరునామా రావడమే లేదు. సంస్థే తన దగ్గర ఇంకో పెద్ద న్యాట్ పెట్టి, వందల ఇళ్ళకు ఒకే చిరునామా పంచుతోంది. రౌటర్ స్థితి పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 దాకా దేనితో మొదలైనా సంగతి అదే. 2012 ఏప్రిల్‌లో ఈ పని కోసమే ఆ చిరునామాలను వేరుగా పెట్టారు. అలాంటి చోట పోర్ట్ ఫార్వార్డింగ్ గీత రాసినా పనిచేయదు, ఎందుకు పనిచేయడం లేదో తెలియక రోజంతా కుస్తీ పడేవారు కోకొల్లలు. అయితే మనకు భయం లేనట్టేనా? ఐపీవీ4 మేరకు చాలావరకు లేనట్టే. కానీ అదే తీగ మీద చిరునామాల కొత్త పద్ధతి ఐపీవీ6 కూడా వస్తోంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పటి నుంచి మన దేశంలో దాని వాడకం వేగంగా పెరిగి సగం దాటింది. అక్కడ చిరునామాలకు కరువు లేదు, కనుక న్యాట్ అవసరం లేదు. ఇంట్లో ప్రతి ఫోనుకూ కెమెరాకూ ప్రపంచమంతా చేరగల సొంత చిరునామా ఉంటుంది. కరువు కోసం కట్టిన కట్ట అక్కడ లేనే లేదు, రౌటర్‌లోని ఫైర్‌వాల్ ఒక్కటే గట్టు. పిలవని రాకలను ఇంటి రౌటర్ ఎలా ఆపాలో 2011 జనవరిలోనే ప్రమాణ పత్రం సూచనలు ఇచ్చింది గానీ, అమ్మే ప్రతి పెట్టెలో అది అమలవుతోందని అనుకోలేం. రౌటర్ పేజీలో ఐపీవీ6 ఫైర్‌వాల్ అన్న మీట ఉంటే అది వేసి ఉందో లేదో చూడడం, మిగతా అన్ని పేజీలు తిరగడం కంటే ముఖ్యం.

ఇంతకీ గండ్ల మాటేమిటి? 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. ఆ నీరు చివరికి కొల్లేటికే చేరి, మండవల్లి మండలంలోని లంక గ్రామాలకు దారులు మూసుకుపోయాయి. ఎవరూ తెరవకుండానే తెగే గట్లు ఉన్నట్టే, ఎవరూ తెరవకుండానే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉంటాయి. 2016 నవంబర్ చివర్లో జర్మనీలో డాయిచె టెలికామ్ వారి 9 లక్షల ఇళ్ళకు ఇంటర్నెట్ ఆగిపోయింది. సంస్థలు దూరం నుంచి రౌటర్లను చూసుకోవడానికి వాడే టీఆర్-069 పద్ధతి పోర్టు 7547 మీద మిరాయ్ కొత్త రూపం దాడి చేసింది. ఆ రౌటర్లు దానికి లొంగలేదు, తట్టుడుకే సొమ్మసిల్లిపోయాయి. అక్కడ వినియోగదారుడి తప్పేమీ లేదని ఒప్పుకోవాలి. కానీ ఆ గండి కూడా ఒక తూము దగ్గరే పడింది. సంస్థ సౌకర్యం కోసం ప్రపంచమంతటికీ తెరిచి ఉంచిన పోర్టు అది. ఆ తూము సంస్థ చిరునామాలకు మాత్రమే పలికేలా వల కట్టి ఉంటే లోపం ఉన్నా దాన్ని తట్టేవాడు ఉండేవాడు కాదు. సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పులు వేసుకోవడం గట్టు మట్టి పోసుకోవడమే, అవసరమే. తూములు తక్కువైన కొద్దీ ఆ మట్టి ఆలస్యమైనా ప్రమాదం తగ్గుతుంది.

ఇదంతా కనెక్షన్ ఇచ్చినవారి బాధ్యత కదా అన్నది మరో మాట. కొంతవరకు అవును. చట్టాలూ అటే నడుస్తున్నాయి. అన్ని పెట్టెలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదన్న నిబంధన కాలిఫోర్నియాలో 2020 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉంది. మన కేంద్ర ప్రభుత్వం సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు 2025 ఏప్రిల్ నుంచి అమలుకు వచ్చింది. అయితే గట్టు మీద ఇప్పటికే ఉన్న పాత కెమెరాకు ఏ ఉత్తర్వూ వెనక్కి వెళ్ళి వర్తించదు. మీ రౌటర్‌లో రాసిన గీత ఎందుకు రాశారో ఏ సంస్థకూ తెలియదు.

కొత్త కెమెరాలు ఈ తూము గొడవే లేకుండా చేశాయని బిగించేవారు చెబుతారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు, పోర్టు తెరవక్కర్లేదు. అది నిజం. కెమెరా తానే బయటికి పిలిచి తయారీదారు సర్వర్‌తో మాట కలిపి ఉంచుతుంది, ఫోన్ కూడా అక్కడికే పోతుంది. రౌటర్ పట్టికలో అది బయటికి వెళ్ళిన పిలుపు కనుక అడ్డు లేదు. పోర్ట్ ఫార్వార్డింగ్ కంటే ఇది మేలే. కానీ నమ్మకం పెట్టిన చోటు మారింది: ఊరందరికీ తెరిచిన తలుపు పోయి, ఎప్పుడూ చూడని ఒక సర్వర్ చేతికి తాళం చెవి వెళ్ళింది. ఇక్కడే చెరువు రెండో వల గుర్తుకు రావాలి. ఇంటి రౌటర్లు లోపలికి వచ్చేదాన్ని అనుమానిస్తాయి, బయటికి పోయేదాన్ని ఏమీ అడగవు. కెమెరాలను ఇంటి వైఫైలో కలపకుండా గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే, వాటిలో ఒకటి చెడిపోయినా ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌నో బ్యాంకు పనులు చేసే ఫోన్‌నో చేరలేదు. కొంచెం ఓపిక ఉన్నవారు టెల్నెట్ పోర్టు 23, ఈమెయిల్ సర్వర్ల పోర్టు 25 మీద ఇంటి నుంచి బయటికి పోయే దారి మూసేయవచ్చు. మామూలు ఇంటికి ఆ రెండింటితో పని ఉండదు, పురుగు పట్టిన యంత్రానికి మాత్రం ఉంటుంది.

ఫిల్టరింగ్ అన్న పేజీలో కనిపించే మిగతా హంగుల మీద ఇంత ఆశ పెట్టుకోనక్కర్లేదు. మ్యాక్ ఫిల్టర్‌తో, అంటే పరికరం గుర్తింపు నంబరు చూసి, తెలిసిన పరికరాలకే వైఫై ఇవ్వడం గట్టి కాపలాలా కనిపిస్తుంది, కానీ ఆ నంబరును ఎవరైనా గాలిలోంచి పట్టి తొడుక్కోవచ్చు. పైగా 2019, 2020 నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్లు తమ మ్యాక్ నంబరును తామే మార్చుకుంటున్నాయి, దాంతో బయటివాడికి అడ్డు తగలని ఫిల్టర్ ఇంటివాళ్ళకే అడ్డు తగులుతోంది. వెబ్‌సైట్ పేర్ల ఫిల్టర్లు కూడా అంతే. పేజీల రాకపోకలు గుప్తలిపిలోకి మారాక రౌటర్‌కు కవరు తప్ప ఉత్తరం కనిపించదు.

తూములు లెక్కపెట్టడానికి బయట నిలబడాలి. ఇంటి వైఫైలో ఉండి సొంత చిరునామాను తట్టి చూస్తే చాలా రౌటర్లు తప్పుడు జవాబు చెబుతాయి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తట్టాలి. మూసిన తలుపు ‘లేదు’ అని చెప్పవచ్చు, లేదా అసలు పలకకపోవచ్చు. రెండూ పర్వాలేదు. పలికిన ప్రతి నంబరుకూ రౌటర్ పేజీలో గీత వెతకాలి. గీత లేకుండా పలికితే అది యూపీఎన్‌పీ పనో, దూరం నుంచి రౌటర్‌ను నడిపే సౌకర్యం పనో అయి ఉంటుంది, రెంటినీ ఆపవచ్చు. గీత ఉంటే, దాని పక్కన పేరు రాసే గడిలో ఎవరి కోసం, ఏ నెలలో రాశారో నమోదు చేయాలి. ఈ ప్రాంతంలో చెరువులు లీజు మీద చేతులు మారుతుంటాయి. లీజు ముగిశాక కెమెరాలు విప్పుకుపోతారు, రికార్డర్ కూడా పోతుంది. రౌటర్‌లో గీత మాత్రం అలాగే 192.168.1.64 వైపు చూస్తూ ఉంటుంది. రౌటర్ ఆ చిరునామా ఖాళీ అయిందని గమనించి, ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఇంకో యంత్రానికి ఇవ్వవచ్చు. ఎప్పుడో చెరువు కోసం పెట్టిన తూము అప్పుడు ఆ యంత్రం మీదికి తెరుచుకుని ఉంటుంది.